కంప్యూటరు పెట్టె – మితవ్యయంతో ఎంపిక

నేడు కంప్యూటరు విద్యార్థికి విలాసవస్తువు కాదు. ఒకనాటి పలకా బలపాలవలె నిత్యావసర వస్తువయింది. బి.కాం. విద్యార్థి లెక్కల పట్టికలు వేసుకోవాలన్నా, బి.ఎస్‌సి. విద్యార్థి ప్రోగ్రాములు రాసుకోవాలన్నా, ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు తమ ప్రాజెక్టు వ్యాసాలు టైపు చేసుకోవాలన్నా అది కావలసిందే. తయారై వచ్చే యంత్రాన్ని కొనే స్తోమత అందరికీ ఉండదు గనుక చాలామంది విడిభాగాలు కొని ఇంటివద్దనే కూర్చుకుంటున్నారు. ఇది మెచ్చదగిన పని. అయితే ప్రాసెసరును గురించి, ర్యామును గురించి గంటల తరబడి చర్చించే మిత్రులు, వీటన్నిటినీ ఇముడ్చుకొనే పెట్టెను మాత్రం చివరి నిమిషంలో, జేబులో మిగిలిన పైకాన్ని బట్టి కొంటారు. ఆ తొందరపాటు వలన కలిగే నష్టం చిన్నది కాదు. తక్కువ ఖర్చుతో మంచి పెట్టెను ఎట్లా ఎంచుకోవాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బజారు భాషలో దీనిని క్యాబినెట్ అంటారు. తెలుగులో పెట్టె అనవచ్చు, సందుగ అనవచ్చు. సందుగ అనే మాట అరబ్బీలోని 'సందూఖ్' నుండి పారశీకం, ఉర్దూల మీదుగా మన పల్లెటూళ్ల దాకా వచ్చినదే. కాని బట్టలు దాచుకొనే సందుగకూ ఈ సందుగకూ ఒక ముఖ్యమైన భేదం కలదు. బట్టల సందుగ ఎంత బిగువుగా మూసుకుంటే అంత మేలు. కంప్యూటరు సందుగలో ఎంత బాగా గాలి ఆడితే అంత మేలు. ఈ ఒక్క మాటను మనసులో ఉంచుకొంటే తక్కినదంతా సులభంగా బోధపడుతుంది.

కొలతలు

ముందుగా పెట్టెలో మన వస్తువులు ఇముడుతాయా అన్నది చూడవలెను. 1995లో ఇంటెల్ సంస్థ ఎ.టి.ఎక్స్. అనే ప్రమాణాన్ని ప్రకటించింది. దాని ప్రకారం మదర్‌బోర్డు నిడివి 305 మిల్లీమీటర్లు, వెడల్పు 244 మిల్లీమీటర్లు. మరలు బిగించే రంధ్రాల స్థానాలు కూడా నిర్ణయమైనవి. దాని తరువాత 244 మిల్లీమీటర్ల చదరపు మైక్రో ఎ.టి.ఎక్స్., 170 మిల్లీమీటర్ల చదరపు మినీ ఐ.టి.ఎక్స్. వచ్చాయి. చిన్న బోర్డు పెద్ద పెట్టెలో ఇముడుతుంది. పెద్ద బోర్డు చిన్న పెట్టెలో ఇమడదు. తక్కువ ధర బోర్డులు ఎక్కువగా మైక్రో ఎ.టి.ఎక్స్. జాతికి చెందినవే కనుక, ఆ కొలతకు తగిన మధ్యరకపు పెట్టె మన విద్యార్థులకు చాలును.

ఈ ప్రమాణం వలన మనకొక మేలు జరిగింది. ప్రాసెసరు నాలుగైదేళ్లలో పాతబడుతుంది, పెట్టె పాతబడదు. నేడు కొన్న మంచి పెట్టెలో పదేళ్ల తరువాత మరొక బోర్డును బిగించుకోవచ్చు. కనుక దీనిని ఒక యంత్రానికి చేసిన ఖర్చుగా కాక, రెండు మూడు యంత్రాలకు పంచుకొనే ఖర్చుగా లెక్కించవలెను.

బోర్డు కొలత గాక మరి రెండు కొలతలు కాగితం మీద రాసుకొని దుకాణానికి వెళ్లండి. మొదటిది గ్రాఫిక్స్ కార్డు పొడవు. రెండవది ప్రాసెసరుపై కూర్చుండే కూలరు ఎత్తు. ప్రాసెసరుతోపాటు వచ్చే కూలరు పొట్టిది గనుక దానితో చిక్కులేదు. విడిగా కొనే నిలువు కూలర్లు చాలావరకు 155 మిల్లీమీటర్లకు పైబడి ఉంటాయి. సన్నని పెట్టెలో దానిని బిగిస్తే పక్క రేకు మూతపడదు. నేడు గ్రాఫిక్స్ కార్డు కొనలేనివారు కూడా రేపటి కోసం కొంత చోటు ఉన్న పెట్టెను ఎంచుకోవడం వివేకం.

గాలి

కంప్యూటరు వినియోగించే విద్యుత్తు దాదాపు అంతా చివరకు ఉష్ణంగా మారుతుంది. 200 వాట్లు తీసుకొనే యంత్రం 200 వాట్ల హీటరు వంటిదే. ఆ వేడిని బయటికి మోసుకొని పోవలసినది గాలి. పెట్టెలోని గాలి గదిలోని గాలికంటె 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదనుకొంటే, 200 వాట్లకు సెకనుకు సుమారు 17 లీటర్ల గాలి పెట్టెగుండా ప్రవహించవలెను. ఇది భౌతికశాస్త్ర విద్యార్థులు తామే లెక్కకట్టి చూసుకోదగిన విషయం. ఒకటి రెండు మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ఈ పని చేయగలవు. అయితే వాటి ముందు దారి తెరచి ఉండవలెను.

మన ప్రాంతంలో మే నెలలో మధ్యాహ్నపు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం పరిపాటి. ఏ ఫ్యానూ గది గాలికంటె చల్లని గాలిని తీసుకురాలేదు. గది ఎంత వేడెక్కితే లోపలి భాగాలు కూడా దాదాపు అంతే అదనంగా వేడెక్కుతాయి. ప్రాసెసరు తన హద్దును చేరినప్పుడు, కాలిపోకుండా తనను తాను కాపాడుకొనేందుకు వేగాన్ని తగ్గించుకుంటుంది. అనగా గాలి ఆడని పెట్టెలో పెట్టిన ఖరీదైన ప్రాసెసరు చౌక ప్రాసెసరు చేసే పని మాత్రమే చేస్తుంది. పెట్టెలో మిగిల్చిన అయిదు వందలు ప్రాసెసరులో పోగొట్టుకున్నట్లే.

కనుక ముందుభాగం జాలీగా ఉన్న పెట్టెను ఎంచుకోండి. ముందునుండి చల్లగాలి లోనికి, వెనుకనుండి, పైనుండి వేడిగాలి వెలుపలికి పోవడం సరియైన పద్ధతి. లోనికి వచ్చే గాలి బయటికి పోయే గాలికంటె కొంచెం ఎక్కువగా ఉంటే, సందుల గుండా దుమ్ము చొరబడడం తగ్గుతుంది. జాలీ వెనుక ఊడదీసి కడుగుకొనేందుకు వీలయిన వడపోత తెర ఉన్నదా అని కూడా చూడండి. మన ఇళ్లలో ఈ తెర లేనిచో ఏడాది తిరిగేసరికి కూలరు రెక్కల మధ్య దుమ్ము దూదివలె పేరుకొంటుంది.

అద్దం, దీపాలు

నేడు బజారులో కన్ను చెదరగొట్టే పెట్టెలున్నాయి: పక్కన అద్దం, ముందు అద్దం, రంగురంగుల దీపాలతో మూడు ఫ్యాన్లు. పక్కన అద్దం ఉండడం వలన గాలికి అడ్డం లేదు. ముందుభాగాన్ని అద్దంతో మూసివేసి దాని వెనుక మూడు ఫ్యాన్లు బిగించిన పెట్టెలో మాత్రం, ఆ ఫ్యాన్లు పక్కనున్న సన్నని సందుగుండా గాలి పీల్చుకోవలసిందే. మూసిన కిటికీ ముందు పంకా పెట్టినట్లే అది. మూడు దీపాల ఫ్యాన్లకంటె జాలీ వెనుకనున్న ఒక్క మామూలు ఫ్యాను మేలయిన పని చేయగలదు. మరొక జాగ్రత్త: గట్టిపరచిన అద్దపు అంచు గచ్చునేలకు తగిలితే ఒక్క క్షణంలో ముక్కలు ముక్కలయిపోతుంది. చిన్నపిల్లలు తిరుగాడే ఇంట్లో రేకు పెట్టె శ్రేయస్కరం.

ఉచితంగా వచ్చే ఎస్.ఎం.పి.ఎస్.

ఇది ఈ వ్యాసంలో అన్నిటికంటె ముఖ్యమైన అంశం. కొన్ని చౌక పెట్టెలతోపాటు విద్యుత్తును అందించే ఎస్.ఎం.పి.ఎస్. కూడా లోపలే బిగించి వస్తుంది. దానిపై 450 అనో, 500 అనో వాట్ల సంఖ్య పెద్ద అక్షరాలతో ఉంటుంది. విద్యార్థి ఆ సంఖ్యను చూచి సంతోషిస్తాడు. కాని నేటి ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు తమకు కావలసిన శక్తిని దాదాపు అంతా 12 వోల్టుల తీగలద్వారానే తీసుకుంటాయి. అందుచేత చూడవలసినది పెద్ద సంఖ్యను కాదు. పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నాయో దానిని. ఆంపియర్లను 12తో గుణిస్తే నిజమైన వాట్లు తెలుస్తాయి. అక్కడ 15 ఆంపియర్లు ఉంటే అది 180 వాట్లు మాత్రమే, పైన ఏ సంఖ్య ఉన్నా సరే.

మంచి ఎస్.ఎం.పి.ఎస్.లో వోల్టేజి హద్దు మీరినప్పుడు, షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు తనంత తాను ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటు లేని నాసిరకం వస్తువు చెడిపోయేటప్పుడు తాను ఒక్కటే పోదు. మదర్‌బోర్డును, డిస్కును, అందులో దాచుకొన్న ప్రాజెక్టును తోడు తీసుకొనిపోవచ్చు. ఒక కుటుంబం నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము ఒక్క సాయంత్రంలో పొగయిపోవచ్చు. కనుక పెట్టె వేరుగా, ఎస్.ఎం.పి.ఎస్. వేరుగా కొనండి. '80 ప్లస్' అనే ముద్ర విద్యుత్తు ఎంత తక్కువ వృథా అవుతున్నదో చెప్పేది. అది రక్షణకు పూర్తి హామీ కాదు. దానితోపాటు వారంటీ కాలాన్ని, పైన చెప్పిన రక్షణల వివరాన్ని కూడా చూడవలెను. ఈ రెండింటికీ కలిపి 5,000 రూపాయలు కేటాయించగలిగినవారు అందులో 3,000 ఎస్.ఎం.పి.ఎస్.కు, 2,000 పెట్టెకు ఉంచుకోవడం మంచిది. తారుమారు చేయకూడదు.

దుకాణంలో చేతితో చేయదగిన పరీక్షలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల పెట్టెను ముట్టి చూసే అవకాశం ఉంటుంది. బొమ్మను చూచి ఆర్డరు ఇచ్చేవారికి ఈ లాభం లేదు. పక్క రేకును ఊడదీసి బొటనవేలితో నొక్కండి. కాగితం అట్టవలె వంగిపోతే అది పలుచని రేకు. అటువంటిది ఫ్యాను తిరిగినంతసేపు గడగడలాడుతుంది. లోపలి అంచులు మడిచి ఉన్నవో, వేలు కోసుకొనేటట్లు ఉన్నవో చూడండి. పెట్టెను బల్లమీద ఉంచి మూలలు నొక్కండి. నాలుగు కాళ్లూ ఆనకపోతే చట్రం వంకర. చట్రం వంకరైతే బోర్డు రంధ్రాలు కలియవు.

వెనుకభాగంలో కార్డులకోసం ఉంచిన సందుల మూతలు మరలతో బిగించినవై ఉండవలెను. విరిచి తీసే రకమైతే, ఒకసారి విరిచిన తరువాత అది ఎప్పటికీ తెరచిన ద్వారమే. బొద్దింకలకు, బల్లులకు ఆహ్వానమే. ముందుభాగంలోని యు.ఎస్.బి. రంధ్రాలకు తగిన పిన్నులు మన బోర్డుపై ఉన్నవో లేవో ముందే తెలుసుకోండి. లేకపోతే అవి వట్టి అలంకారం. ఎస్.ఎం.పి.ఎస్. స్థానం పెట్టె అడుగున ఉండి, దానికి వేరే గాలిదారి ఉండడం మేలు. పైన ఉంటే ప్రాసెసరు విడిచిన వేడిగాలినే అది పీల్చవలసి వస్తుంది.

ఇంటికి తెచ్చిన తరువాత

పెట్టెను తివాచీమీద, దుప్పటిమీద ఉంచరాదు. అడుగునున్న గాలిదారి మూసుకుపోతుంది. చిన్న పీటమీద, గోడకు జానెడు దూరంలో ఉంచండి. ముందు జాలీకి ఒక పలుచని కాగితం ముక్కను ఆనించి చూడండి. అది అంటుకొని నిలిస్తే గాలి లోనికి పోతున్నట్లు. మరొక పరీక్ష: యంత్రం బాగా పనిచేస్తుండగా ప్రాసెసరు ఉష్ణోగ్రతను గుర్తించండి, పక్క రేకు తీసి పావుగంట తరువాత మళ్లీ చూడండి. చెప్పుకోదగినంత తగ్గితే పెట్టెకు ఊపిరి ఆడడం లేదని అర్థం.

పెట్టెను తాకినప్పుడు చేయి జివ్వుమంటే అది పెట్టె దోషమని అనుకోకండి. సాధారణంగా ఇంట్లో ఎర్త్ సరిగా లేకపోవడమే దీనికి కారణం. మూడవ పిన్నును విరిచి రెండు పిన్నులతో నడపడం ప్రమాదకరం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ సరిచేయించుకోవలెను. ఈ లోపాన్ని ఎంత ఖరీదైన పెట్టె కూడా తీర్చలేదు.

కళాశాలకు ఒక విజ్ఞప్తి

ఈ విషయాలు విద్యార్థులకే గాక ప్రయోగశాల పరికరాలు కొనే కమిటీవారికి కూడా వర్తిస్తాయి. కొటేషన్లు పిలిచేటప్పుడు 'ఎస్.ఎం.పి.ఎస్.తో కూడిన క్యాబినెట్' అని ఒకే పంక్తిలో రాస్తే, అన్నిటికంటె తక్కువ ధర వేసినవారు నాసిరకాన్నే సరఫరా చేయగలరు. నియమం ప్రకారం వారిని తప్పుపట్టలేము. దానిని రెండు పంక్తులుగా విడదీసి, 12 వోల్టుల ఆంపియర్లు, వారంటీ, జాలీ ముఖం, వడపోత తెర అనే నాలుగు షరతులు చేరిస్తే చాలు. అట్లాగే పక్కన పెట్టిన పాత కంప్యూటర్లలో ఎ.టి.ఎక్స్. ప్రమాణానికి సరిపోయే పెట్టెలు ఉంటే, వాటిని తుక్కుగా భావించక నియమానుసారం మళ్లీ వినియోగంలోకి తేవచ్చు. కొన్ని కంపెనీల తయారీ యంత్రాలలో బోర్డు, ఎస్.ఎం.పి.ఎస్. ప్రత్యేక కొలతలవి గనుక, ముందుగా ఒక మామూలు బోర్డును పెట్టి చూచి ఏరుకోవలెను. విద్యార్థులు కంప్యూటరు కూర్చడం నేర్చుకొనేందుకు అవి మంచి సాధనాలు.

మన ఇళ్లలో పెద్దలు పిల్లలకు రెండింటిని కూడదని చెబుతుంటారు. ఒకటి ఇస్రాఫ్, అనగా దుబారా. రెండవది బఖీలీ, అనగా పిసినారితనం. దీపాలకు, ముందు అద్దానికి డబ్బు పోయడం మొదటిది. ఎస్.ఎం.పి.ఎస్. ఉచితంగా వచ్చిందని మురిసిపోవడం రెండవది. ఈ రెండింటి నడుమ గట్టి రేకు, తెరచిన ముఖం, సరిపడిన కొలత, వేరుగా కొన్న నమ్మకమైన ఎస్.ఎం.పి.ఎస్. అనే మధ్యమార్గం ఉన్నది. విద్యార్థి మిత్రులు ఆ మార్గాన్నే అనుసరించి, తల్లిదండ్రుల కష్టార్జితానికి తగిన ఫలితం పొందుదురుగాక.