పాత కారుకు వారంటీ నిరాకరిస్తే...

న్యూఢిల్లీ: వారంటీతో కొన్న పాత కారు ఇంజను కొద్ది నెలలకే మొరాయిస్తే, అది సహజమైన అరుగుదలేనంటూ విక్రేతలు మరమ్మతు ఖర్చు నిరాకరించడం పరిపాటి. నోటిమాటతో సరిపెట్టుకోరాదు. ఏ షరతు కింద నిరాకరించారో రాతపూర్వకంగా కోరాలి. విప్పిన విడిభాగాలను గ్యారేజీలోనే వదిలేయరాదు. రేపు సాక్ష్యం అవే. లోపం పరీక్షిస్తే గాని తేలనిదైతే కమిషనే ప్రయోగశాలకు పంపించగలదు.

2020 జులైలో అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 1986 నాటి చట్టంలో ఈ వెసులుబాటు లేదు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు మించకుంటే రుసుము ఉండదు. గడువు రెండేళ్లు. వ్యాపారానికి కొన్నవారికి ఈ చట్టం వర్తించదు. స్వయంగా టాక్సీ నడిపి పొట్టపోసుకునేవారికి మాత్రం మినహాయింపు ఉంది.