కొండెక్కాలంటే గట్టి బూటు!

పలక మీద నిలబడి మంచుకొండ మీంచి రయ్యిన జారడం టీవీలో చూసే ఉంటారు... స్నోబోర్డింగ్‌. జారడం సరే, లిఫ్టు లేనిచోట ఎక్కేదెలా? అమెరికాలోని యూటాలో దానికో ఉపాయం చేశారు. బోర్డును నిలువునా రెండుగా చీల్చేశారు! చెరో కాలికీ ఓ ముక్క తగిలించుకుని, అడుగున వెనక్కి జారనివ్వని పట్టీలు అతికించుకుని నడుస్తూ ఎక్కడం, పైన రెంటినీ కలిపేసి దిగడం. 1990ల్లో వోయిలే సంస్థ అమ్మకానికి తెచ్చిన ఈ స్ప్లిట్‌బోర్డుతో పేచీ అంతా బూట్ల దగ్గరే.

మామూలు స్నోబోర్డు బూట్లు మెత్తన. దిగేటప్పుడు హాయి. కానీ గడ్డకట్టిన వాలుకు అడ్డంగా నడుస్తుంటే చీలమండ వంగిపోతుంది, బోర్డు అంచు మంచులో దిగదు. కాలు జారిందా, లోయే! అందుకే కొందరు పర్వతాలెక్కే స్కీయర్ల ప్లాస్టిక్‌ బూట్లు తొడుగుతున్నారు. వాటి ముందుభాగంలో రెండు పక్కలా చిన్న గుంటలుంటాయి. బైండింగ్‌లోని పిన్నులు వాటిలో టక్కున కూర్చుంటాయి. ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్‌ బార్తెల్‌ 1980ల్లో స్కీల కోసం చేసిన ఏర్పాటిది. దీంతో అడుగడుగునా బైండింగ్‌ని కాలితోపాటు ఎత్తక్కర్లేదు. గంటల తరబడి ఎక్కేవాళ్లకి అదెంత సుఖమో!

దిగేటప్పుడు మాత్రం కాలు బిగదీసినట్టే. మెత్తని బూటుకు అలవాటుపడ్డవాళ్లకి మొదట్లో విసుగే. కాబట్టి మరీ బిరుసుగా లేనిదాన్ని ఎంచుకోవాలి. మరోమాట... తేలిగ్గా ఉందని ముందువైపు అంచులేని బూటు కొనేస్తారు కొందరు. దిగడానికి వాడే హార్డ్‌బూట్‌ బైండింగ్‌లో తీగ కొక్కెం పట్టేది ఆ అంచునే!