ఖర్దుంగ్ లా మీదికి ఒంటరి సైకిలు

చెరువు కట్ట మీదికి సైకిలు తొక్కేటప్పుడు మీరేం చేస్తారు? తిన్నగా ఎక్కలేక అటూ ఇటూ వంకరలు తిప్పుతారు. అప్పటికీ చేతకాకపోతే దిగి తోసుకుంటూ పోతారు. ఇలా చేయమని మీకెవరూ చెప్పలేదు. మీ కాళ్ళే నేర్పాయి. ఈ ఉపాయాలతోనే హిమాలయ ప్రాంతపు కనుమను సైతం సైకిలు మీద ఎక్కవచ్చు. అయితే, అక్కడ ఈ ఉపాయాలకు లొంగనిది ఒకటుంది. అదేమిటో చూద్దాం.

లడఖ్‌లోని లే పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుండి ఉత్తరాన నుబ్రా లోయకు పోయే రోడ్డు, సుమారు 39 కిలోమీటర్లు ఎక్కి ఖర్దుంగ్ లా చేరుతుంది. 'లా' అంటే కనుమ. 1976లో వేసిన ఈ రోడ్డును 1988లో అందరి వాహనాలకూ తెరిచారు. కనుమ ఎత్తు 5,602 మీటర్లని చాలాకాలం బోర్డు మీద రాసి ఉండేది. ఉపగ్రహాల సాయంతో కొలిస్తే అది 5,359 మీటర్లని తేలింది. అయినా తక్కువేమీ కాదు. లే నుండి దాదాపు 1,850 మీటర్లు పైకి పోవాలి!

ఎంత పని?

ఒంటరిగా సైకిలు యాత్ర చేస్తున్న ఒక యువకుణ్ణి ఊహించుకోండి. అతని బరువు 60 కిలోలు. సైకిలు, గుడారం, బట్టలు, తిండి, నీళ్ళు కలిపి మరో 30 కిలోలు. ఈ 90 కిలోలను 1,850 మీటర్లు పైకెత్తాలంటే 90ని 9.8తోనూ, 1,850తోనూ గుణించాలి. సుమారు 16 లక్షల 30 వేల జౌళ్ళ పని! రోడ్డు ఎన్ని మెలికలు తిరిగినా ఇందులో ఒక్క జౌలు కూడా తగ్గదు.

మరి మెలికలెందుకు? పని మారదు గాని, కావలసిన బలం మారుతుంది. వాలుతలం ఎంత పొడవైతే, నెట్టవలసిన బలం అంత తక్కువ. ఇక్కడ రోడ్డు సగటున 100 మీటర్లు సాగితే 4.7 మీటర్లు పైకి లేస్తుంది. కాబట్టి 90 కిలోల బరువును పైకి నెట్టడానికి, సుమారు నాలుగుంపావు కిలోల బరువును ఎత్తేటంత బలం చాలు. రోడ్డు రాపిడి, ఎదురుగాలి దీనికి అదనం.

గేరు చేసే బేరం

మన మామూలు సైకిలుకు ముందు చక్రాన 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడల్ ఒకసారి తిప్పితే సైకిలు సుమారు 5.4 మీటర్లు పోతుంది. ఈ రోడ్డు మీద అంటే ఒక్క చుట్టుకు 26 సెంటీమీటర్లు పైకి లేవాలన్నమాట. మోకాళ్ళు పట్టేస్తాయి.

యాత్రకు వాడే గేర్ల సైకిలుకు ముందు 22 పళ్ళు, వెనుక 34 పళ్ళు పెట్టుకోవచ్చు. అప్పుడు ఒక చుట్టుకు 1.36 మీటర్లే కదులుతుంది. పైకి లేచేది ఆరున్నర సెంటీమీటర్లే. కాళ్ళకు హాయి. కాని గేరు ఊరికే ఏమీ ఇవ్వదు. 7 వేల చుట్లతో పోయే దారికి 29 వేల చుట్లు తొక్కాలి. నిమిషానికి 60 చుట్ల చొప్పున ఆగకుండా తొక్కినా 8 గంటలు! ఆ 8 గంటలూ అతని కాళ్ళు, కొండ ఎక్కడానికే సుమారు 57 వాట్ల సామర్థ్యంతో పనిచేయాలి.

గేర్లు లేకపోతే కొండ ఎక్కలేమా? 1963లో ఐర్లండు నుండి భారతదేశానికి ఒంటరిగా సైకిలు మీద బయలుదేరిన డెర్వ్లా మర్ఫీ, తన సైకిలుకున్న గేర్లను ముందే తీయించేసింది. ఆసియా రోడ్ల ధాటికి అవి తట్టుకోలేవని ఆమె ఆలోచన. పాకిస్తాన్‌లో 4,000 మీటర్లకు పైబడిన బాబూసర్ కనుమను ఆమె సైకిలును తోస్తూ, మోస్తూ దాటింది. నడక కూడా ఒక చిన్న గేరే కదా!

ఊపిరికి గేరేది?

ఇక గేర్లకు లొంగనిది చూద్దాం. అది గాలి. కనుమ మీద కూడా గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళే. కాని పైకి పోయినకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. లేలో అది సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో మూడింట రెండు వంతులు. ఖర్దుంగ్ లా మీద సగానికి కాస్త ఎక్కువ. అంటే ఒక్కొక్క ఊపిరికీ దక్కే ప్రాణవాయువు దాదాపు సగమే.

అందుకు శరీరం వేగంగా ఊపిరి తీస్తుంది. అప్పుడు బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. అది ఊపిరి వేగానికి కళ్ళెం వేస్తుంది. మూత్రపిండాలు ఆ అదనపు క్షారాన్ని బయటికి పంపితే గాని కళ్ళెం వదలదు. దానికి కొన్ని రోజులు పడుతుంది. ఎర్ర రక్తకణాలు పెరగడానికైతే వారాలు కావాలి. అందుకే లే చేరినవారు ముందుగా రెండు మూడు రోజులైనా విశ్రాంతి తీసుకోవాలి. ఖాళీగా కూర్చున్నట్టు కనిపించే ఆ రోజులలోనే అసలు ఎక్కుడు మొదలవుతుంది!

తొందరపడితే తలనొప్పి, వాంతులు, నిద్రలేమి వస్తాయి. ముదిరితే ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది, మెదడు వాస్తుంది. ప్రాణానికే ముప్పు. అప్పుడు చేయవలసిన మొదటి పని కిందికి దిగడం. ఒంటరి యాత్రికుడికి ఇంకొక చిక్కు ఉంది. ప్రాణవాయువు చాలనప్పుడు మెదడులో తెలివిగా నిర్ణయించే శక్తి కూడా మందగిస్తుంది. "నీ నడక తూలుతోంది, వెనక్కి పోదాం" అని చెప్పే తోడు పక్కన ఉండదు. కాబట్టి ఏ లక్షణం కనిపిస్తే దిగాలో, ఎన్ని గంటలకు వెనుదిరగాలో లేలో ఉండగానే కాగితం మీద రాసుకోవాలి. శిఖరం కనిపిస్తున్నా ఆ మాట తప్పకూడదు. వెనుదిరిగినవాడు మళ్ళీ రాగలడు.

కనుమ చేరిన యువకుడు ఇప్పుడు దిగుతున్నాడు. పైకెక్కించిన 16 లక్షల జౌళ్ళు ఏమయ్యాయి? అవి పోలేదు, గాలిని తోయడంలోనూ, బ్రేకుల రాపిడిలోనూ వేడిగా మారుతున్నాయి. బ్రేకును అదే పనిగా నొక్కి ఉంచితే చక్రపు అంచు కాలిపోతుంది. నొక్కుతూ, వదులుతూ దిగాలి.

మీరూ చేసి చూడండి

మీ సైకిలు పళ్ళు లెక్కపెట్టండి. వెనుక చక్రం చుట్టుకొలత కొలవండి. పెడల్ ఒక చుట్టుకు ఎంత దూరం పోతుందో ముందు లెక్కగట్టి, తర్వాత నేల మీద గీతలు గీసి సరిచూడండి. ఖర్దుంగ్ లాకు మీ సైకిలు మీద ఎన్ని చుట్లు తొక్కాలో తెలుస్తుంది. లేలో ఆగవలసిన రోజులను మాత్రం ఆ లెక్కలో తగ్గించకండి!