పాత గోడలకు సున్నం ఒక్కటే చాలదు

విశాఖ జిల్లాలోనూ, పక్కన అనకాపల్లి జిల్లాలోనూ చాలా ఊళ్లలో ఉమ్మడి పాతభవనం ఒకటి కనబడుతుంది. అది ఒకనాటి సత్రమో, మూతబడిన బడో, పంచాయతీ పాత ఆఫీసో అయివుంటుంది. పెంకులు జారి, గోడల్లో రావిమొక్కలు మొలిచి, గేదెల నీడకు మిగిలివుంటుంది. దాన్ని బాగుచేసి గ్రంథాలయం పెడదామని మా సమావేశాల్లో కుర్రవాళ్లు అడుగుతున్నారు. మంచి మాటే. కానీ సున్నం కొట్టి, రిబ్బను కత్తిరించి, తాళం వేసుకుపోయే గ్రంథాలయం మనకొద్దు.

"కూలోడికి పుస్తకమెందుకు?" అనే పెద్దమనుషులున్నారు. చదివినోడు వేలిముద్ర వెయ్యడు, కాగితంలో ఏముందని అడుగుతాడు. వారి బెంగ అదే. ఉక్కు కర్మాగారానికి భూములు పోగొట్టుకున్న ఊళ్ల జనానికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. నోటీసు, నష్టపరిహారం లెక్క, ఆర్ కార్డు - వాళ్ల బతుకులు కాగితాల మీదే నడిచాయి. పట్టా, అడంగల్, కనీస వేతనాల జీవో చదివి చెప్పే చోటు ప్రతి ఊళ్లోనూ ఉండాలి.

పాడుబడ్డచోట పుస్తకాలు నిలబెట్టిన ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ కడపలో ఒక బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తాటాకు ప్రతులు రాయించాడు. తర్వాత ఆ బంగళా మొండిగోడలైంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి అనే ఉపాధ్యాయుడు పూనుకుని, చందాలు పోగుచేసి, ఆ స్థలంలోనే గ్రంథాలయం లేపారు. 1987లో పునాదిరాయి పడితే, 1995కు గాని తలుపులు తెరుచుకోలేదు. 2006లో అది యోగి వేమన విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది. ఇందులో మనకు పాఠముంది. గోడలు లేవడానికే ఏళ్లు పట్టాయి. ఆ తర్వాత రోజూ నడిపే సంస్థ ఒకటి కావలసివచ్చింది.

ఇక పని సంగతి. ముందు కప్పు చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరంలో కప్పుల్ని ఏం చేసిందో మనం కళ్లారా చూశాం. దూలాలకు చెదపట్టిందేమో మేకు గుచ్చి చూడండి. పాత సున్నపు గోడకు సిమెంటు పూత వేయకండి, చెమ్మ లోపలే ఉండిపోయి గోడ గుల్లవుతుంది. సున్నపు గోడకు సున్నమే పూయాలి. సముద్రపు ఉప్పుగాలికి ఇనుప బీరువాలు తుప్పుపడతాయి, రంగు వేసి వాడాలి. బీరువాలను గోడకు జానెడు దూరంలో పెట్టాలి. మనలో తాపీమేస్త్రీలున్నారు, వడ్రంగులున్నారు. శ్రమ మనది. సామాను ఖర్చు ఎవరిది?

అది దానం అడగాల్సిన సొమ్ము కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. పూరింటి కూలీ కట్టే పన్నులో కూడా అది ఉంది. స్థానిక సంస్థలు ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. చాలాచోట్ల ఏళ్లతరబడి బకాయి పెడుతున్నారు. మీ పంచాయతీ ఎంత వసూలుచేసింది, ఎంత జమకట్టింది? గ్రామసభలో నిలబడి అడగండి. సమాచార హక్కు చట్టం కింద రాసి అడగండి.

అన్నిటికన్నా ముఖ్యం వేళలు. నాట్లకు పోయిన ఆడకూలీ, పోర్టులో మూటలు మోసే మనిషి దీపాలు పెట్టే వేళకు గాని ఇల్లు చేరరు. అప్పటికి తాళం పడితే ఆ గ్రంథాలయం ఎవరికోసం? 1935లో కృష్ణా డెల్టా కాలువల్లో పడవలమీద పుస్తకాలు ఊరూరా తిప్పారు. జనం దగ్గరకే పుస్తకం వెళ్లింది. మన గ్రంథాలయం రాత్రి తొమ్మిది దాకా తెరిచివుండాలి. లైటుండాలి, తాగునీరుండాలి, చదువురానివారికి పేపరు చదివి వినిపించే మనిషుండాలి. ఆ మనిషికి జీతముండాలి.

మీ ఊరి పాతభవనం తాళంచెవి ఎవరి దగ్గరుందో రేపే కనుక్కోండి. పని అక్కడినుంచి మొదలవుతుంది.