ఒకే బల్ల

క్రైస్తవుల ఆరాధనలో ప్రభు భోజనానికి గొప్ప స్థానం ఉంది. ఒకే రొట్టెను విరిచి అందరూ పంచుకొంటారు. యజమాని, పనివాడు అనే భేదం ఆ బల్ల దగ్గర ఉండకూడదని దాని భావం. అటువంటి బల్ల దగ్గరే మనుషులను రంగునుబట్టి విడదీస్తే ఏమవుతుంది? విడిపోయినవారు మళ్ళీ కలవాలంటే ఏం చేయాలి? దక్షిణాఫ్రికా చరిత్రలో ఈ రెండు ప్రశ్నలూ కనిపిస్తాయి.

1652లో డచ్చివారు ఆ దేశంలోని కేప్ ప్రాంతంలో స్థిరపడ్డారు. వారితోపాటు డచ్ రిఫార్మ్‌డ్ చర్చి కూడా అక్కడికి వచ్చింది. నల్లవారితో కలిసి ప్రభు భోజనం తీసుకోవడానికి కొందరు తెల్లవారు ఇష్టపడలేదు. 1857లో చర్చి మహాసభ దీనిని చర్చించింది. అందరూ కలిసి ఆరాధించడమే మంచిదని చెబుతూనే, కొందరి బలహీనత కారణంగా వేరుగా కూడుకోవచ్చునని అనుమతి ఇచ్చింది. ఆ చిన్న సడలింపే క్రమంగా నియమమైంది. 1881లో మిశ్రజాతివారికి ప్రత్యేక చర్చి ఏర్పడింది. తరువాత నల్లజాతివారికి, భారతీయులకు కూడా వేరువేరు చర్చిలు వచ్చాయి.

1948లో అధికారానికి వచ్చిన ప్రభుత్వం వర్ణవివక్షను రాజ్యనీతిగా చేసింది. ఎవరు ఎక్కడ నివసించాలో, ఏ బడిలో చదవాలో చట్టాలే నిర్ణయించాయి. 1860 నుండి నాటాల్ చెరకు తోటలలో పనికి వెళ్ళిన భారతీయుల సంతతివారికి కూడా ఈ కష్టాలు తప్పలేదు. వారిలో తెలుగువారూ ఉన్నారు. చాలామంది తెల్లజాతి బోధకులు ఈ విధానాన్ని సమర్థించారు. ఎవరి భాషలో, ఎవరి ఆచారం ప్రకారం వారు ఆరాధించుకోవడం మంచిదే కదా అని వాదించారు.

ఈ వాదాన్ని ఎదిరించినవారిలో బేయర్స్ నౌడే ఒకరు. ఆయన 1915లో తెల్లజాతి ఆఫ్రికానర్ కుటుంబంలో జన్మించారు. చర్చిలో పేరు పొందిన బోధకులు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు కాల్పులు జరిపి 69 మంది నల్లవారిని చంపారు. ఆ సంవత్సరం డిసెంబరులో చర్చిల ప్రతినిధులు కాట్స్‌లో అనే చోట సమావేశమై, రంగు కారణంగా ఎవరినీ ఏ చర్చి నుండీ దూరంగా ఉంచరాదని ప్రకటించారు. ప్రభుత్వానికి కోపం వచ్చింది. నౌడేగారి చర్చి వెనుకకు తగ్గింది. ఆయన మాత్రం తగ్గలేదు. 1963లో క్రిస్టియన్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థను స్థాపించి, బోధక పదవిని వదులుకొన్నారు. 1977 నుండి ఏడేళ్ళు ప్రభుత్వం ఆయనపై నిషేధం విధించింది. ఒకేసారి ఒకరికంటె ఎక్కువమందితో మాట్లాడరాదు. ఆయన మాటలను ఎవరూ ప్రచురించరాదు. అయినా 1980లో ఆయన నల్లజాతివారి చర్చిలో సభ్యులుగా చేరారు.

మిశ్రజాతి చర్చి కూడా ఊరుకోలేదు. 1982లో కేప్‌టౌన్ సమీపంలోని బెల్హార్‌లో ఒక విశ్వాస ప్రకటనను సిద్ధం చేసి, 1986లో ఆమోదించింది. భాషలు, సంస్కృతులు వేరుగా ఉండడం మనుషులు ఒకరికొకరు తోడ్పడడానికేగాని, ఒకరినొకరు వెలివేయడానికి కాదని దాని సారాంశం. తెలుగునాడుకు దూరంగా ఉండి తెలుగు చదువుతున్న మనకు ఈ మాట బాగా అర్థమవుతుంది. మన భాషను నిలుపుకోవడం వేరు. ఇరుగుపొరుగును గడప దాటనివ్వకపోవడం వేరు.

1990 నవంబరులో రస్టెన్‌బర్గ్‌లో చర్చిల సమావేశం జరిగింది. తెల్లజాతి పండితుడు విల్లీ యోంకర్ లేచి, తన తరఫునా, తన చర్చి తరఫునా, తన జాతి తరఫునా వర్ణవివక్ష పాపాన్ని ఒప్పుకొన్నారు. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ ఆ క్షమాపణను స్వీకరించారు. కొందరు నల్లజాతి ప్రతినిధులు దీనికి ఒప్పుకోలేదు. అందరి తరఫున క్షమించే హక్కు ఒక్కరికి ఎలా వస్తుందని అడిగారు. పోయిన భూములు, ఇళ్ళు, చదువుల మాట ఏమిటన్నారు. ఆ ప్రశ్నలు న్యాయమైనవే. తప్పు ఒప్పుకోవడం మొదటి మెట్టు మాత్రమే. జరిగిన నష్టాన్ని సరిదిద్దడం అంతకంటె కష్టమైన పని.

1994లో మిశ్రజాతి, నల్లజాతి చర్చిలు ఒకటయ్యాయి. అదే సంవత్సరం తెల్లజాతి చర్చి నౌడేగారికి క్షమాపణ చెప్పింది. అయితే ఈ చర్చిలన్నీ ఒకటి కావడం తరువాత దశాబ్దాలు గడిచినా పూర్తి కాలేదు. వేరు చేయడానికి ఒక తీర్మానం చాలింది. కలపడానికి తరాల ఓర్పు కావలసి వస్తున్నది.

ప్రశ్నలు

1. 1857నాటి మహాసభ ఇచ్చిన అనుమతి ఎటువంటి ఫలితాలకు దారితీసింది?
2. రస్టెన్‌బర్గ్‌లో కొందరు ప్రతినిధులు క్షమాపణకు ఎందుకు ఒప్పుకోలేదు? మీరైతే ఏమంటారు?
3. సొంత భాషను కాపాడుకోవడానికీ, ఇతరులను దూరంగా ఉంచడానికీ గల భేదాన్ని మీ ఊరి ఉదాహరణతో వివరించండి.