నేల మీద నుంచి నడిపే రెక్కలు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కలమజూ పట్టణం. వాల్టర్ గుడ్, విలియమ్ గుడ్ కవలలు. వాల్టర్‌కు మోడల్ విమానాలంటే ప్రాణం, విలియమ్‌కు హామ్ రేడియో. ఆ రెండు ఇష్టాలూ కలిసి 1937లో ‘గఫ్’ను గాలిలోకి లేపాయి. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 8 అడుగులు. అంతవరకు మోడల్ విమానాన్ని వదిలాక అది ఎటు పోతే అటు పరుగెత్తడమే. గఫ్ మాత్రం నేల మీది మనిషి చెప్పినట్టు విన్నది. రేడియో అదుపులో చక్కగా ఎగిరిన తొలితరం మోడళ్లలో ఒకటైన ఆ విమానం ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియం ఆస్తి.

ఆ తరం యంత్రాల్లో చుక్కానిని తిప్పే బలం మెలిపెట్టిన రబ్బరు పట్టీది. కింద బొత్తాం నొక్కితే విమానంలోని విద్యుదయస్కాంతం ఒక పంటిని వదులుతుంది. రబ్బరు ఒక మెట్టు విచ్చుకుని చుక్కానిని ఎడమకు తిప్పుతుంది. బొత్తాం వదిలితే చుక్కాని నడిమికి వస్తుంది, మళ్లీ నొక్కితే కుడికి తిరుగుతుంది. కిందటిసారి ఎటు తిప్పామో నడిపేవాడే గుర్తు పెట్టుకోవాలి. పైగా కొంచెం తిప్పడమంటూ లేదు, తిప్పితే పూర్తిగా తిప్పడమే.

ఈ లోటును ఎత్తిచూపింది పోటీలే. 1960లో స్విట్జర్లాండ్‌లోని డ్యూబెన్‌డార్ఫ్‌లో రేడియో మోడళ్ల విన్యాసాలకు తొలి ప్రపంచ పోటీ జరిగింది. అమెరికాకు చెందిన ఎడ్ కజ్మిర్‌స్కీ గెలిచాడు. ఈ పోటీలో న్యాయనిర్ణేతలు ఒక్కో విన్యాసానికి మార్కులు వేస్తారు, కష్టాన్ని బట్టి వాటిని హెచ్చవేస్తారు. ఆకాశంలో గీసిన చక్రం గుండ్రంగా ఉండాలి, గీత వంకరపోకూడదు. అందుకు వేలు కదిలినంతే చుక్కాని కదలాలి.

1960లలో అది సాధ్యమైంది. చేతిలోని కర్రను ఎంత జరిపితే, రేడియో పంపే విద్యుత్ స్పందన అంత పొడవు మారుతుంది. 1 మిల్లీసెకను అయితే ఒక కొస, 2 అయితే రెండో కొస, ఒకటిన్నర అయితే నడిమి. ఇలాంటివి సెకనుకు సుమారు 50 వెళ్తాయి. విమానంలో చుక్కానిని తిప్పే ‘సర్వో’ అనే పరికరం ఆ పొడవును తన చేయి ఉన్న చోటుతో పోల్చి, రెండూ సరిపోయేదాకా మోటారును తిప్పుతుంది. 1967లో ప్రపంచ విజేత అయిన ఫిల్ క్రాఫ్ట్ అలాంటి రేడియోలను స్వయంగా తయారుచేసిన మనిషి. మైదానంలో తెలిసిన లోటు నేరుగా పనిబల్ల మీదికి చేరేది.

యంత్రం ఎంత మెరుగైనా మనుషులు ఒకరికొకరు తోడు లేకపోతే అది ఎగరదు. ఒకే చానెల్ మీద ఇద్దరు రేడియో ఆన్ చేస్తే విమానం కూలుతుంది. అందుకే క్లబ్బు మైదానంలో బోర్డు మీది ఆ చానెల్ క్లిప్పు ఎవరి దగ్గరుంటే వారే ఎగరవేయాలనే కట్టుబాటు పుట్టింది. 2000ల నడుమ వచ్చిన 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు ఆ బెడద తీర్చాయి. ఇక కొత్తవారికి నేర్పడానికి గురుశిష్యుల చేతుల్లోని రెండు ట్రాన్స్‌మిటర్లను కలిపే అమరిక ఉంది. గురువు స్విచ్ పట్టుకుని ఉన్నంతసేపు విమానం శిష్యుడిది. శిష్యుడు తడబడితే గురువు స్విచ్ వదిలేస్తాడు, మరుక్షణం విమానం ఆయన చేతికి వస్తుంది. ఏనాడూ ఎగరవేయని పిల్లవాడు కూడా ధైర్యంగా కర్ర పట్టుకోగలిగేది దీనివల్లే. 1936లో పుట్టిన అమెరికా ఏరోమోడలింగ్ అకాడమీ 2013 నుంచి ఏటా ఆగస్టులో మోడల్ విమానాల దినం జరుపుతోంది. ఆ సందర్భంగా క్లబ్బులు ఊరివాళ్లను మైదానానికి పిలుస్తాయి.

ఈ తోడు ఎంత దూరం తీసుకెళ్తుందో 2003 ఆగస్టులో తెలిసింది. అమెరికా ఏరోమోడలర్, 77 ఏళ్ల మేనార్డ్ హిల్‌కు అప్పటికే చూపు బాగా తగ్గింది. అయినా మిత్రులతో కలిసి తయారుచేసిన 5 కిలోల లోపు విమానం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి బయల్దేరి, జి.పి.ఎస్. సాయంతో తనంతట తానే దారి పట్టి, 38 గంటల 52 నిమిషాల్లో ఐర్లాండ్ తీరం చేరింది. దూరం 3,000 కిలోమీటర్ల పైమాట.

మన ఎన్.సి.సి. వైమానిక విభాగం శిక్షణలోనూ ఏరోమోడలింగ్ ఉంది. రెక్క ఎందుకు లేస్తుందో పుస్తకంలో చదివిన పిల్లలకు, దాన్ని స్వయంగా లేపే అవకాశం ప్రతి బడిలోనూ దక్కాలి. అందుకు కావలసింది ఖరీదైన విమానం కాదు. చిన్న విమానం, ఖాళీ మైదానం, పక్కన నిలబడి స్విచ్ పట్టుకునే ఓపికగల పెద్ద ఒకరు ఉంటే చాలు.