పాత చీరెకు గిన్నె ధరేనా?
అడ్తి పద్ధతిలో అమ్మితే ఇల్లాలికి మేలు

ఆత్మకూర్: పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇస్తామనే కేక వీధిలో వినబడితే చాలు, ఇంటి ఆడవాళ్లు పెట్టె తెరుస్తారు. అరుగు మీద బేరం మొదలవుతుంది. రెండు చీరెలు, ఒక ప్యాంటు పెడితే చిన్న గిన్నె చూపిస్తారు. ఇంకో రెండు చొక్కాలు కలిపితే దానికి మూత. ప్యాంటు మోకాళ్ల దగ్గర పలచబడిందని ఒకటి, చీరె కొంగు చిరిగిందని ఒకటి పక్కన పడేస్తారు. బతిమాలగా బతిమాలగా చెంచా ఒకటి కొసరు పడుతుంది.

ఈ బేరంలో డబ్బు మాటే రాదు. కిటుకంతా అక్కడే ఉంది. గిన్నె అసలు ధర సామాన్లు తెచ్చినవారికి తెలుసు. చీరె అవతల ఎంతకు పోతుందో కూడా వారికే తెలుసు. ఇల్లాలికి రెండూ తెలియవు. ధర తెలిసినవారు ఒకవైపే ఉన్న బేరం ఎటు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు.

అలాగని సామాన్లవారిని తప్పుపట్టడానికి వీల్లేదు. నెత్తిన గంపతోనో, సైకిలు మీదనో, ఆటోలోనో ఊరూరా తిరిగేది వారే. గిన్నెలకు పెట్టుబడి వారిదే. అమ్ముడుపోని బట్ట మిగిలితే ఆ నష్టమూ వారిదే. వారు కూడా రెక్కాడితేగాని డొక్కాడనివారే. అయితే ఇంటి బట్టకు తగిన ధర రాబట్టుకునే మరో దారి లేదా అన్నదే ప్రశ్న.

మూట ఎక్కడికి చేరుతుంది?

ఊళ్లో కట్టిన మూట పట్నం చేరాక బట్టలను వేరు చేస్తారు. కట్టుకోదగినవి ఉతికి, చిరుగులు కుట్టి, ఇస్త్రీ చేసి మళ్లీ అమ్ముతారు. హైదరాబాదులో గురువారం నాడు జరిగే జుమ్మేరాత్ బజారు, ఆదివారం నాటి ఎర్రగడ్డ సంత పాత సామాన్లకు పేరుపడ్డవి. కట్టుకోవడానికి పనికిరాని నూలు బట్ట, యంత్రాలు తుడిచే గుడ్డగా వర్క్‌షాపులకు పోతుంది. ఉన్ని బట్టలు హర్యానాలోని పానిపట్టుకు చేరితే అక్కడ వాటిని పీచు పీచుగా చింపి, మళ్లీ దారం వడికి చవక కంబళ్లు నేస్తారు.

ఈ వ్యాపారం ఎంత పెద్దదో ఢిల్లీలో చూడవచ్చు. పశ్చిమ ఢిల్లీ రఘువీర్‌నగర్‌లో ఘోడా మండీ అనే సంత తెల్లవారకముందే మొదలవుతుంది. గుజరాత్ నుంచి వలస వచ్చిన వాఘరీ కులం ఆడవాళ్లు గిన్నెలిచ్చి సేకరించిన బట్టలను అక్కడ అమ్ముతారు. బ్రిటిష్ పరిశోధకురాలు లూసీ నారిస్ ఈ వ్యాపారాన్ని దగ్గరనుంచి చూసి 2010లో పుస్తకం ప్రచురించారు. పాత పట్టుచీరెలను కత్తిరించి దిండు గలేబులుగా, గౌన్లుగా కుట్టి విదేశాలకు పంపే వైనం అందులో వివరించారు. గిన్నెకు ఇచ్చిన చీరె సముద్రాలు దాటిపోతున్నదన్నమాట.

జరీ చీరె సంగతి వేరు

ఈ ప్రాంతం వారికి ఇది మరింత ముఖ్యమైన విషయం. ఆత్మకూర్ ఒకప్పుడు అమరచింత సంస్థానానికి ముఖ్యపట్టణం. అమరచింతలో చేనేత ఉంది. కృష్ణ దాటితే గద్వాల. నడిమి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు, దాని మీద జరీ. గద్వాల చీరెకు పేరు తెచ్చింది ఈ నేతే. పెళ్లి పెట్టుపోతల్లో వచ్చిన ఇటువంటి చీరె ఒకటైనా చాలా ఇళ్ల పెట్టెల్లో ఉంటుంది.

అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ సన్నని వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత పూసినది. దీనికి సూరత్ ప్రసిద్ధి. తర్వాత రాగి తీగకు వెండి పూత వేసిన నకిలీ జరీ వచ్చింది. ఆ పైన ప్లాస్టిక్ పొర జరీ వచ్చింది. అందుకే అవ్వలనాటి చీరెలోని జరీకి, ఈనాటి చవక చీరెలోని జరీకి పోలిక లేదు. జరీ పోగును మెల్లగా గీకినప్పుడు లోపల ఎర్రని పట్టు దారం కనిపిస్తే అసలుది కావచ్చునని నేతగాళ్లు చెబుతారు. అయితే నకిలీలోనూ ఎర్ర దారం వేయవచ్చు. కాబట్టి నమ్మకమైన కంసాలి చేత పరీక్ష చేయించుకోవడమే మంచిది.

పాత పట్టుచీరెలు కొంటామని వచ్చేవారు కట్టేది వెండి లెక్క. చీరెను కాల్చి, బూడిదలోని వెండిని కరిగించి తీస్తారు. నేతగాడి పనికి, అంచులోని పనితనానికి అక్కడ విలువ సున్న. పూర్తిగా చీకిపోయిన చీరెకు అది తగిన దారే. కానీ నడుము దగ్గర మాత్రమే చినిగి, అంచూ కొంగూ చెక్కుచెదరని చీరెను కూడా కాల్చేస్తే నష్టం ఇల్లాలికీ, నేతకూ. ఆ అంచును కొత్త బట్టకు కుట్టుకోవచ్చు. కొంగుతో పిల్లలకు లంగాలు కుట్టవచ్చు. పాత నమూనా కోసం వెతికేవారికి అది చీరెగానే కావాలి. అటువంటి కొనుగోలుదారు గంప ఎత్తుకుని అరుగు దగ్గరికి రారు. వారు వచ్చేదాకా చీరెను ఒకచోట పెట్టి చూపించాలి. దానికి దుకాణం కావాలి.

వేరుశనగకు ఉన్న పద్ధతే

ఇతర దేశాల్లో పాత బట్టలు అమ్మడానికి వాడుకలో ఉన్న ఒక పద్ధతి పాలమూరు రైతుకు కొత్తది కాదు. వేరుశనగ మార్కెట్ యార్డుకు తెచ్చినప్పుడు అడ్తిదారు దానిని సొంతంగా కొనడు. రైతు సరుకుగానే ఉంచి వేలంలో అమ్మిపెడతాడు. తన కమీషన్ పట్టుకుని, తక్‌పట్టీ రాసి మిగతా సొమ్ము ఇస్తాడు. అమ్ముడయ్యేదాకా సరుకు రైతుదే.

బట్టల దుకాణంలోనూ అదే జరుగుతుంది. ఇల్లాలు చీరె తెచ్చి అప్పగిస్తుంది. ఇద్దరూ కలిసి ధర నిర్ణయిస్తారు. దుకాణం వారు చీటీ రాసి ఇచ్చి, చీరెను వేలాడదీస్తారు. అమ్ముడైతే ముందు ఒప్పుకున్న వంతు పట్టుకుని మిగిలింది ఇస్తారు. గడువులోగా అమ్ముడుపోకపోతే ఆమె తన చీరె తాను తీసుకుపోవచ్చు. ఉదాహరణకు చీరె ఎనిమిది వందలకు పోయి, దుకాణం వంతు పావలా అనుకుంటే, ఇల్లాలికి 600 రూపాయలు వస్తాయి. అమెరికాలో దుకాణం సగం దాకా కూడా పట్టుకుంటుంది. కిరాయి, కరెంటు, మనిషి జీతం అందులోనే గడవాలి.

దుకాణం వారికి ఇందులో ఒక సౌకర్యం ఉంది. సరుకు కొనడానికి ముందుగా పెట్టుబడి అక్కరలేదు. ఇల్లాలికి ఉన్న ఇబ్బంది ఏమిటంటే డబ్బు వెంటనే చేతికి రాదు. గిన్నె ఇవాళే వస్తుంది, చీరె డబ్బుకు నెలా రెండు నెలలు ఆగాలి. అందువల్ల రోజూ కట్టి వెలిసిన చీరెలకు, పాత లుంగీలకు ఈ పద్ధతి గిట్టదు. వాటికి గిన్నె బేరమే నయం, లేదా బొంతకు పనికివస్తాయి. ఒకటి రెండుసార్లు కట్టి పెట్టెలో పెట్టిన పెళ్లి చీరెలు, పిల్లలు ఎదిగిపోగా పొట్టివైన గౌన్లు, ప్రైవేటు బడుల యూనిఫాంలు, స్వెట్టర్లు, జరీ అంచు చీరెలు: దుకాణానికి తగినవి ఇవీ.

ఆడవాళ్లు నడిపిన బాట

అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే దుకాణాలను ఆడవాళ్ల కోసం నడిపిన చరిత్ర పాతదే. న్యూయార్క్‌లో 1878లో క్యాండేస్ వీలర్ అనే ఆమె మరికొందరితో కలిసి అటువంటి సంస్థ ప్రారంభించారు. ఇల్లు గడవక, బయట కూలికి పోలేని ఆడవాళ్లు చేసిన కుట్టుపని అక్కడ అమ్మిపెట్టేవారు. సోవియట్ యూనియన్‌లో ప్రభుత్వమే కమీషన్ దుకాణాలు నడిపింది. పాత కోటు మొదలు రేడియో దాకా జనం అక్కడ అప్పగించేవారు.

మన దేశంలో పాత బట్టల వ్యాపారం ఒక పెద్ద సంఘానికే కారణమైంది. 1971లో అహ్మదాబాదులో పాత బట్టలు అమ్మే ఆడవాళ్లు తమ కష్టాలు చెప్పుకోవడానికి ఇలా భట్ వద్దకు వచ్చారు. వారి కోసం జరిపిన సభకు నూరుమందికి పైగా హాజరయ్యారు. మనకంటూ ఒక సంఘం ఉండాలని ఆ సభలోనే ఒకామె సూచించింది. అలా ఆ డిసెంబరులో ‘సేవ’ సంఘం పుట్టింది. 1972లో కార్మిక సంఘంగా రిజిస్టర్ అయింది. 1974లో నాలుగు వేలమంది ఆడవాళ్లు తలా పది రూపాయలు వేసుకుని సొంత సహకార బ్యాంకు పెట్టుకున్నారు.

తెలంగాణ పల్లెల్లో మహిళా సంఘాలకు ఇటువంటి పని కొత్త కాదు. ఐకేపీ కేంద్రాల్లో వడ్లు కొని ప్రభుత్వం నుంచి కమీషన్ తీసుకుంటున్నది వారే. 2024లో సర్కారు బడుల యూనిఫాంలు కుట్టే పని కూడా సంఘాలకే అప్పగించారు. లెక్క రాయడం, కుట్టుమిషన్ తొక్కడం రెండూ వచ్చినవారికి పాత బట్టల దుకాణం తలకు మించిన భారం కాదు. గుండీ ఊడినచోట కుట్టి, అంచు వదిలినచోట అతికి పెడితే అదే చొక్కా రెట్టింపు ధర పలుకుతుంది. ఊరూరా తిరిగే సామాన్లవారిని పోటీదారులుగా చూడనక్కరలేదు. వారి మూటల్లోని మంచి బట్టలనూ ఇదే కమీషన్ మీద తీసుకోవచ్చు.

పరుల బట్ట కట్టుకోవచ్చునా?

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి మనసులో ఉంది. ఎవరు కట్టి విడిచిందో, చనిపోయినవారిదో ఏమోనన్న శంక చాలామందిని ఆపుతుంది. పోయినవారి బట్టలు చాకలికి ఇచ్చే ఆచారం ఉన్నచోట ఆ శంక సహజమే. అయితే పుట్టిన బిడ్డకు మొదట తొడిగేది పాత మెత్తని బట్టే. అక్క గౌను చెల్లె వేసుకోవడం, అవ్వ చీరె బొంతగా మారి మనుమడిని కప్పడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. బట్ట పాతదైనందుకు కాదు, ఎవరిదో తెలియనందుకే జంకు. కాబట్టి వేడి నీటిలో ఉతికి, ఎండలో ఆరవేసి, ఇస్త్రీ చేసిన బట్టను మాత్రమే దుకాణం తీసుకోవాలి. లోదుస్తులు, పరుపు దుప్పట్లు తీసుకోకూడదు. మృతుల బట్టలు తీసుకోబోమని బోర్డు మీదే రాస్తే కొనేవారికి నిబ్బరం కలుగుతుంది.

చీటీ లేకుండా ఇవ్వరాదు

నోటి మాట మీద చీరె అప్పగిస్తే తర్వాత తగాదాలు తప్పవు. చీటీలో చీరె రంగు, అంచు, ఉన్న చిరుగులు, ఒప్పుకున్న ధర, దుకాణం వంతు, గడువు తేదీ రాసి ఇద్దరూ సంతకమో వేలిముద్రో వేయాలి. అమ్ముడుపోకపోతే ధర ఎన్ని రోజులకు ఎంత తగ్గించవచ్చో కూడా ముందే రాసుకోవాలి. అడగకుండా తగ్గించి అమ్మడం ఎక్కువ పేచీలకు మూలం.

చట్టం కూడా సొంతదారు పక్షాన ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం అప్పగించిన వస్తువును తన సొంత వస్తువులాగా జాగ్రత్తగా చూడవలసిన బాధ్యత తీసుకున్నవారిది. ఏజెంటుగా అమ్మినవారు అడిగినప్పుడు లెక్క చూపాలని 213వ సెక్షన్ చెబుతుంది. అయితే చీటీ చేతిలో ఉన్నవారికే ఈ సెక్షన్లు అక్కరకు వస్తాయి.

ఏ దుకాణమూ రాకముందే ఇంటివారు చేయగలిగిన పని ఒకటుంది. సామాన్ల కేక వినబడినప్పుడు మూట మొత్తం అరుగు మీద పోయకుండా, ముందుగా బట్టలను వేరు చేసుకోవాలి. చిరిగినవి ఒకవైపు, కట్టుకోదగినవి ఒకవైపు, జరీ ఉన్నవి మరోవైపు. మొదటి కుప్పకు గిన్నె సరిపోతుంది. రెండో కుప్పకు బజారులో గిన్నె ధర ఎంతో కనుక్కుని బేరమాడాలి. మూడో కుప్పను కంసాలికి చూపించిందాకా ఎవరి చేతికీ ఇవ్వరాదు.